పదిహేను రోజుల చెవి

జ్ఞానప్రకాశానికి చెవుడు ఒక్కరోజులో రాలేదు. ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. రఘునాథపల్లి పక్కనున్న చిన్న పల్లె నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వరంగల్లు వచ్చి, బట్టల మిల్లులో మగ్గాల మీద పనికి కుదిరాడు. ఒకే కప్పు కింద వందల మగ్గాలు ఆడుతుంటే పక్కనున్నవాడు నోరంతా తెరిచి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్ళు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవాళ్ళు. షిఫ్టు దిగి సైకిలెక్కి మడికొండలోని ఇల్లు చేరేసరికి చెవుల్లో హోరు సద్దుమణిగేది. కొన్నేళ్ళకు అది తెల్లారేదాకా ఉండసాగింది. ఆ తర్వాత హోరు అక్కడే ఉండిపోయి, మిగతా చప్పుళ్ళు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

మొదట సన్నటివి పోయాయి. సైకిలు బెల్లు, పిల్లల గొంతులు, చర్చిలో ఆడవాళ్ళ పాట. ఆయన భార్య దీనమ్మ మాత్రం తన గొంతును పెంచుకుంటూ పోయింది. వాళ్ళింట్లో ఆ పూట కూరేమిటో, దీనమ్మకు ఎవరి మీద కోపంగా ఉందో మా వాడకట్టు మొత్తానికి తెలిసేది.

వినపడని మాటకు ఏం చేయాలో జ్ఞానప్రకాశం తనంతట తానే ఒక ఉపాయం నేర్చుకున్నాడు. ఎదుటివాడు నవ్వితే నవ్వేవాడు. ఆగి మొహంలోకి చూస్తే తల ఊపేవాడు. "ప్రకాశమన్న మంచోడు, దేనికీ ఎదురు చెప్పడు" అని ఊళ్ళో పేరొచ్చింది. ఆ మంచితనంలో సగం చెవుడని ఎవరికీ తట్టలేదు.

ఆ ఉపాయం ఒకరోజు ఎదురు తిరిగింది. రోడ్డు మీద చాయ్ హోటల్లో రాజమల్లు అనే రైతు ఆయన పక్కన కూర్చుని ఏదో చెప్పాడు. రాజమల్లు కొడుక్కి సంబంధాలు చూస్తున్నారని జ్ఞానప్రకాశానికి తెలుసు. ఆ సంగతే అనుకుని నవ్వి, భుజం తట్టి, "మంచిదే, మంచిదే, చల్లగుండాలె" అన్నాడు. హోటలంతా తన వైపు ఎందుకు చూస్తోందో అర్థం కాలేదు. సాయంత్రం దీనమ్మ చెప్పింది, రాజమల్లు తల్లి చనిపోయిందని, అదే చెప్పాడని. ఆ తర్వాత జ్ఞానప్రకాశం చాయ్ హోటల్ మానేశాడు. చర్చి కమిటీలో పెద్దమనిషిగా ఉండేవాడు, అదీ మానేశాడు. ఇంటికీ మిల్లుకూ మధ్య సైకిలు తొక్కడమే మిగిలింది.

పెద్ద కూతురు మరియమ్మ కాపురం కాజీపేటలో. ఆమె కూతురు సువార్తకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. సెలవు దినాల్లో తీసుకొస్తే ఆ పిల్ల తాత ఒళ్ళోకెక్కి ఏదో చెప్పేది, తాత తల ఊపేవాడు. పిల్లలకు అబద్ధపు జవాబు తొందరగా తెలిసిపోతుంది. 1982 వేసవిలో ఒకరోజు సువార్త ఆయన ఒళ్ళో నుంచి దిగిపోయి, అమ్మమ్మ కొంగు పట్టుకుంది. ఆ పిల్ల అన్నది ఆయనకు వినపడలేదు గానీ, మిల్లులో పెదవులు చదివిన మనిషి కదా, చదివేశాడు. "తాతకు ఇనవడది."

సరిగ్గా ఆ నెలలోనే మిల్లు గేటు దగ్గర ఎవరో పాంప్లెట్లు పంచారు. పచ్చ కాగితం మీద పెద్ద అక్షరాలు. చెవి మిషను పదిహేను రోజులు ఉచితంగా వాడి చూడండి, నచ్చకపోతే వాపసు ఇవ్వండి, ఒక్క పైసా ఇవ్వనక్కరలేదు. కింద హనుమకొండలో ఒక లాడ్జి పేరు, పై అంతస్తు.

ఆదివారం ఆరాధన అయ్యాక దీనమ్మతో కలిసి వెళ్ళాడు. గది ముందు బెంచీల మీద చాలామంది ఉన్నారు. లోపల సుందర్ రావు అనే కంపెనీ మనిషి. తెల్లని చొక్కా, చక్కటి నవ్వు, కోస్తా మాట. కుర్చీలో కూర్చోబెట్టి, అగ్గిపెట్టెకు రెండింతలుండే డబ్బాను జ్ఞానప్రకాశం చొక్కా జేబులో పెట్టి, దాని తీగ చివరనున్న బిళ్ళను చెవిలో అమర్చి, పక్కనున్న చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు.

మొదట ఫ్యాను వినిపించింది. ఫ్యానుకు చప్పుడుంటుందన్న సంగతే ఆయన మరిచిపోయాడు. తర్వాత కింద రోడ్డు మీద రిక్షా బెల్లు. ఎవరో చెప్పులు ఈడుస్తూ నడిచారు. ఆ వెనక, చాలా దగ్గర నుంచి, దీనమ్మ.

"ఎట్లున్నదయ్యా?"

ఆమె అరవలేదు. మామూలుగా అన్నది. జ్ఞానప్రకాశం కళ్ళు నిండాయి.

"ఎందుకేడుస్తానవ్?" అన్నది దీనమ్మ. అదీ వినిపించింది.

సుందర్ రావు ఆమె వైపు తిరిగి, "అమ్మా, మీరు కిందికెళ్ళి కౌంటరు దగ్గర పేరూ అడ్రసూ రాయించండి, ఈలోగా నేను ప్యాక్ చేస్తాను" అన్నాడు. ఆమె వెళ్ళింది. అతను బిళ్ళను చెవిలోంచి మెల్లగా తీసి, దూదితో తుడిచి, మఖమలు వేసిన పెట్టెలో సర్దాడు. సర్దుతూ, తల పైకెత్తకుండానే ఏదో చెప్పాడు. కాగితం తిప్పి, వేలితో చూపించి, మరేదో చెప్పాడు. నవ్వాడు. జ్ఞానప్రకాశం నవ్వాడు. అతను ఆగి మొహంలోకి చూశాడు. జ్ఞానప్రకాశం తల ఊపి సంతకం పెట్టాడు.

ఆ పదిహేను రోజులూ ఆయన కొత్త ఊళ్ళోకి వచ్చినవాడిలా తిరిగాడు. గ్లాసు కింద పెడితే చప్పుడు. పేపరు మడిస్తే చప్పుడు. మొదటి రెండు రోజులు దీనమ్మ అలవాటుకొద్దీ అరుస్తుంటే చెవి పట్టుకుని, "జర మెల్లగనే, మెల్లగ!" అని బతిమాలాడు. ఆమెకు మెల్లగా మాట్లాడటం చాతకాలేదు. రహస్యం చెబుతున్నట్టు గుసగుసలాడేది, మళ్ళీ తనే నవ్వేది.

రాజమల్లు ఇంటికి వెళ్ళాడు. అరుగు మీద కూర్చుని, "మీ అమ్మ ముచ్చట ఆనాడు నాకు ఇనవడలే తమ్మీ. ఇనవడ్డట్టు నటించిన. తప్పు నాదే" అన్నాడు.  రాజమల్లు తన తల్లి ఎలా పోయిందో మొదటి నుంచి చెప్పాడు. జ్ఞానప్రకాశం అంతా విన్నాడు.

విన్నవన్నీ సంతోషపెట్టలేదు. దీనమ్మ తెల్లవారక ముందే లేచి, పొయ్యి దగ్గర మోకరించి ప్రార్థన చేసుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆయన పక్క గదిలో పడుకుని ఉండగానే బయటికి వినపడేలా చేసుకునేది, ఎలాగూ వినపడదని. ఆ వారంలో ఒక పొద్దున్న ఆయన మిషను పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "ప్రభువా, నాతోటి ఎవలూ మాట్లాడక శాన దినాలాయె. అరుస్తాన గని మాట్లాడుతలేను. గీ మిషను ఉంటదో పోతదో, ఉన్నన్ని దినాలన్న నా మనుసుల మాట ఆయనతోటి చెప్పుకోనియ్యి" అంటోంది. జ్ఞానప్రకాశం బిళ్ళ తీసి చేతిలో పట్టుకున్నాడు. దేవుడికి చెప్పుకుంటున్న మాటను దొంగతనంగా వినకూడదనిపించింది. ఆ సాయంత్రం ఆమెను బావి గట్టు మీద కూర్చోబెట్టి, "చెప్పు, ఏమన్న ముచ్చట చెప్పు" అన్నాడు. ఆమె ఏ ముచ్చటా గుర్తురాక కోడిపెట్ట గురించి చెప్పింది. అది కూడా బాగానే ఉంది.

సువార్త వచ్చినప్పుడు పక్కింటి పిల్లి మీద చాలా పొడవైన కథ చెప్పింది. మధ్యలో, "పిల్లి తెల్లగున్నదా, నల్లగున్నదా?" అని తాత అడిగాడు. ఆ పిల్ల ఆగిపోయి ఆయన మొహంలోకి చూసింది. "మచ్చలున్నయ్!" అని అరిచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

పదిహేనో రోజున మిషను పెట్టెలో పెట్టుకుని లాడ్జికి వెళ్ళాడు. ధర ఎంతో అడుగుదాం, కిస్తుల మీద ఇస్తే తీసుకుందాం, ఇవ్వకపోతే వాపసు చేద్దాం అని అనుకున్నాడు. గదికి తాళం. "ఖాళీ చేసి పోయిండ్రు, మల్ల ఎప్పుడొస్తరో తెల్వది" అన్నాడు లాడ్జి మేనేజరు.

ఆ తాళాన్ని చూసినప్పుడు జ్ఞానప్రకాశానికి కోపం రావాలి. రాలేదు. గుండె తేలికపడింది. వాపసు ఇవ్వాల్సిన రోజున తీసుకునేవాడు లేడు, ఇక తన తప్పేముంది అనుకున్నాడు. తర్వాత ఎన్నోసార్లు ఆ క్షణం గురించి చెప్పేవాడు. "ఆడు తాళం ఏసింది గదికి గాదు. నా ఆశకు సరిగ్గ సరిపోయె తాళం అది" అనేవాడు. సంతకం పెట్టి తెచ్చుకున్న ఇంగ్లీషు కాగితం మీద మద్రాసు అడ్రసు ఉంది. పార్శిలు కట్టి పంపొచ్చు. పంపలేదు.

మరుసటి నెల మొదటి వారంలో పోస్ట్‌మాన్ వెంకటయ్య ఒక వీపీపీ పార్శిలు తెచ్చాడు. డబ్బు కడితేనే చేతికిచ్చే రకం. లోపల ఆ మిషనుకు మాత్రమే పట్టే సెల్లులు, సర్వీసు కార్డు అని ఒక అట్టముక్క. కట్టాడు. సెల్లులు ఎలాగూ అయిపోవచ్చాయి, బజార్లో దొరికేవి ఆ డబ్బాలో ఇమడవు. తర్వాతి నెల మళ్ళీ వచ్చింది. ఆ పై నెల కూడా. ఈసారి లోపలున్న కాగితంలో తెలుగులో రెండు ముక్కలున్నాయి. గడువులోగా తిరిగి ఇవ్వనందున మిషను కొన్నట్టే లెక్క, మూడేళ్ళపాటు నెలనెలా పార్శిలు విడిపించుకోవాలి.

దీనమ్మకు చెప్పలేదు. "మిల్లు సంఘమోళ్ళు ఇప్పిచ్చిండ్రు" అని ఊరుకున్నాడు. పార్శిలు ఇంటికి తేవద్దని, పోస్టాఫీసులోనే ఉంచమని వెంకటయ్యను బతిమాలాడు. డబ్బు కోసం ఓవర్‌టైము ఎక్కువ చేశాడు. చెవిలో మిషను పెట్టుకుని మగ్గాల మధ్యకు వెళ్ళలేడు కనుక, అది తీసి పెట్టెలో దాచి, చెవులను ఖాళీగా ఆ హోరుకు అప్పగించేవాడు. ఇంటికొచ్చేసరికి అలసిపోయి, మిషను పెట్టుకునే ఓపిక లేక పడుకునేవాడు. దీనమ్మ గొంతు మెల్లమెల్లగా మళ్ళీ పెరిగింది.

ఆమెకు తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. వెంకటయ్య సెలవులో ఉన్నరోజు అతని బదులు వచ్చిన పోస్ట్‌మాన్ పార్శిలును నేరుగా ఇంటికి తెచ్చాడు. ఆమె కట్టలేదు, తీసుకోలేదు. జ్ఞానప్రకాశం షిఫ్టు దిగి వచ్చేదాకా గడపలో కూర్చుంది.

"మిషను పెట్టుకో" అన్నది. ఆయన పెట్టుకున్నాడు.

"గా ఓవర్‌టైము దీనికోసమేనా?"

ఆయన గడపలో ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెవి కోసం చెవులు తినే మగ్గాల కాడనే ఇంకో షిఫ్టు జేస్తానవా? గిదేం లెక్కయ్యా?"

"మూడేండ్లు కట్టాల్నట. సంతకం వెట్టిన."

"ఎందుకు వెట్టినవ్?"

"ఆయన ఏం చెప్పిండో నాకు ఇనవడలే దీనమ్మా. తల ఊపిన."

"ఇనవడలేదని అడగరాదా?"

"అడిగితే… చెవిటోడు అనుకుంటరని."

 దీనమ్మ కోపం ఎక్కడికి పోయిందో పోయింది. "చెవి మిషను కాడికి చెవిటోడు గాక ఇంకెవలు పోతరయ్యా?" అన్నది.

జ్ఞానప్రకాశానికి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెవుడు కన్నా దాన్ని దాచడమే తనకు ఎక్కువ నష్టం చేసిందని ఆ గడపలో కూర్చున్నప్పుడే తెలిసిందని తర్వాత అన్నాడు.

మర్నాడు ఇద్దరూ వెంకటయ్య ఇంటికి వెళ్ళారు. "వీపీపీ ఇడిపించుకునుడు నీ ఇష్టమన్నా. వద్దంటే వద్దని రాసి వాపస్ పంపుత. దాంట్ల ఏం జబర్దస్తి లేదు" అన్నాడు వెంకటయ్య. ఆ నెల నుంచి పార్శిళ్ళు వెనక్కి వెళ్ళాయి. వాటికి బదులు ఎర్ర సిరాతో అచ్చయిన నోటీసులు రావడం మొదలైంది. కోర్టు, పోలీసు, జప్తు అనే మాటలు. అవి వచ్చినప్పుడల్లా జ్ఞానప్రకాశం అన్నం సరిగ్గా తినేవాడు కాదు. గల్లీలోకి ఖాకీ చొక్కా వస్తే తలుపు వెనక్కి జరిగేవాడు, చూస్తే కరెంటు బిల్లు మనిషి.

మూడో నోటీసు ఇచ్చేటప్పుడు వెంకటయ్య ఆయన మొహం చూసి ఉండబట్టలేకపోయాడు. "గింత ఫికర్ వెట్టుకోకన్నా. గిసొంటివి నీ ఒక్కనికే వస్తలేవు. పేర్లు చెప్పొద్దు గని, మీ మిల్లోళ్ళకే శానమందికి వస్తానయ్" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ, మిల్లు ఆవరణలో చెట్టు నీడన అందరూ టిఫిన్లు విప్పుతుండగా, జ్ఞానప్రకాశం సంచిలోంచి మఖమలు పెట్టె తీసి నేల మీద పెట్టాడు. మూత తెరిచాడు. ఏమీ అనలేదు.  తర్వాత యాకయ్య, పదేళ్ళుగా పక్క మగ్గం మీద పనిచేస్తున్నవాడు, తన సంచి అడుగునుంచి అలాంటి పెట్టే తీసి దాని పక్కన పెట్టాడు. మరొకతను లేచి సైకిలు దగ్గరకు వెళ్ళాడు. అలా ఒక్కొక్కరూ బయటపెడితే మొత్తం ఏడుగురు తేలారు. ఏడుగురూ పక్కపక్కన కూర్చుని తింటున్నవాళ్ళే. ఒకడి మిషను సంగతి మరొకడికి తెలియదు.

"నీకు చెప్పిండా, మూడేండ్ల సంగతి?" అని జ్ఞానప్రకాశం చేతులతో అడిగాడు.

"చెప్పిండు కావచ్చు. నోరు ఆడిచ్చిండు" అన్నాడు యాకయ్య. "నేను మిషను పెట్టెల సర్దుడు చూస్తాన."

"మిషను పెట్టెల సర్దంగనా?"

"ఆఁ. నా చెవుల నుంచి తీసి, దూదితోటి తుడ్సి…"

యాకయ్య మధ్యలో ఆగిపోయాడు. ఏడుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. షరతులన్నీ అతను చెప్పాడు. చెప్పలేదని ఎవరూ అనలేరు. బిళ్ళ చెవిలోంచి తీశాక చెప్పాడు. ఏడుగురి దగ్గరా అంతే. ఏడుగురూ తల ఊపారు.

1983లో మిరపకాయల కాలంలో పచ్చ పాంప్లెట్లు మళ్ళీ కనిపించాయి. ఈసారి స్టేషను దగ్గర వేరే లాడ్జి. ఆదివారం ఏడుగురూ పొదుపుగా దాచుకున్న సెల్లులు వేసి మిషన్లు చెవులకు పెట్టుకుని, ఉన్నవాటిలో ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళారు. దీనమ్మ కూడా వెళ్ళింది. కొట్లాట పెట్టుకోవద్దని దారిలోనే చెప్పింది. "అరవొద్దు. అరుసుడు మన ఇండ్లల్ల చాలైంది. అడుగుండ్రి."

హాలు నిండా జనం. కుర్చీలో సోమక్క అనే ముసలామె కూర్చుని ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు మిరపకాయ తెచ్చి అమ్ముకుని, కొడుకు వద్దన్నా వినకుండా వచ్చిందట. సుందర్ రావు అదే తెల్లని చొక్కాలో, అదే నవ్వుతో బిళ్ళ అమర్చి చక్రం తిప్పాడు. సోమక్క "అవ్వో!" అని చెంప మీద చేయి పెట్టుకుంది. హాలంతా నవ్వింది. సుందర్ రావు వంగి, బిళ్ళ తీయడానికి చేయి చాపాడు.

"తియ్యకు సార్" అన్నాడు జ్ఞానప్రకాశం, వెనక నుంచి ముందుకు వస్తూ. "అది ఆమె చెవుల ఉండంగనే షరతులు చెప్పు."

సుందర్ రావు గుర్తుపట్టాడు. మొహంలో నవ్వు చెదరలేదు. "తప్పకుండా, పెద్దాయనా. పదిహేను రోజులు ఉచితం, తర్వాత కంపెనీ నిబంధనల ప్రకారం" అని ముగించాడు.

"నాకు ఇనవడలే" అన్నాడు జ్ఞానప్రకాశం. "పదహారో దినం ఏమైతదో జర గట్టిగ చెప్పు."

"తిరిగి ఇవ్వకపోతే కొన్నట్టు లెక్క, నెలనెలా సర్వీసు పార్శిలు…"

"నాకు సుత ఇనవడలే సార్" అన్నాడు యాకయ్య, గోడ దగ్గర నుంచి. "ఎన్ని నెలలు?"

ఆ వెనక మరొకతను లేచాడు. "మెల్లగ చెప్పుండ్రి, నాది కుడి చెవి పూర్తిగ పోయింది. వాపస్ ఇయ్యాల్నంటే ఎక్కడియ్యాలె? గది ఉంటదా, తాళం ఉంటదా?"

సుందర్ రావుకు చెప్పక తప్పలేదు. ఒకసారి మద్రాసు అడ్రసు చెప్పాడు. ఒకసారి మూడేళ్ళని చెప్పాడు. ప్రతిసారీ ఏడుగురిలో ఒకరు లేచి, ఎంతో మర్యాదగా, వినపడలేదని చెయ్యెత్తారు. చివరికి అతను హాలంతా మారుమోగేలా, తన పాంప్లెట్‌లో లేని సంగతులన్నీ అరిచి చెప్పాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి వాళ్ళ చెవుడు వాళ్ళకు పనికొచ్చింది.

సోమక్క అంతా విన్నది. బిళ్ళ ఇంకా చెవిలోనే ఉంది కదా. "అంటే నేను నెలనెలా కట్టాల్నా బిడ్డా? మూడేండ్లు నేనుంటనో పోతనో" అని, తానే బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. బెంచీల మీది జనం ఒక్కొక్కరే లేచారు.

సుందర్ రావు గొంతు తగ్గించి జ్ఞానప్రకాశంతో, "ఆ రోజు నేను అన్నీ చెప్పాను. మీరే తల ఊపారు" అన్నాడు.

"చెప్పినవ్ సార్. మిషను తీసినంక చెప్పినవ్. తల ఊపుడు నా తప్పే, గది ఒప్పుకుంట. ఇగ ఊప" అన్నాడు జ్ఞానప్రకాశం. "మా ఏడు మిషన్లు తీసుకో. తీసుకున్నమని, బాకీ లేదని రాసియ్యి."

అతను చాలాసేపు ఒప్పుకోలేదు. ఆ లాడ్జి మేనేజరు కంగారుపడి పైకొచ్చి, తన లాడ్జిలో గొడవ వద్దని గదమాయించాక కలం తీశాడు. రాస్తూ రాస్తూ, "నాది కూడా ఉద్యోగమేనండీ. ఇలా చెప్పమని నాకు నేర్పినవాళ్ళు వేరే ఉన్నారు" అన్నాడు. అది నిజమే కావచ్చని దీనమ్మకు అనిపించింది. "అయితే నువ్వు సుత అడుగు బిడ్డా వాళ్ళను" అన్నది.

జ్ఞానప్రకాశం తన చెవిలోని బిళ్ళ తీసి, తీగ చుట్టి, పెట్టెలో పెట్టి ఇచ్చేశాడు. మెట్లు దిగుతుంటే బజారు మళ్ళీ మూగదైపోయింది. గెలిచామన్నట్టు యాకయ్య వీపు మీద చరిచాడు గానీ, ఆ క్షణంలో గెలిచినట్టేమీ అనిపించలేదు. ఉచ్చులోంచి కాలు బయటికొచ్చింది సరే, నడవాల్సిన దారి అలాగే ఉంది.

ఆ మాట పైకన్నది సోమక్క. మెట్ల కింద నిలబడి దీనమ్మను పట్టుకుని అడిగింది. "మంచిగనే ఆపిండ్రు. మరి నాకు ఇనవడేదెట్ల?" దీనమ్మ ఆ ప్రశ్నను జ్ఞానప్రకాశం చెవి దగ్గర గట్టిగా మళ్ళీ చెప్పింది. ఆయన తల ఊపలేదు. "నాకు తెల్వదక్కా. పెద్ద దవాఖానకు పోయి అడుగుదాం. నేను సుత ఎన్నడు పోలే" అన్నాడు.

ఆ మాట నిజం. అన్నేళ్ళ చెవుడులో ఒక్కసారి కూడా డాక్టరుకు చూపించుకోలేదు. చూపించుకోవడమంటే ఒప్పుకోవడమే కదా. ఆ వారంలోనే సోమక్కతో కలిసి చెవుల డాక్టరు ముందు లైనులో కూర్చున్నారు. డాక్టరు సోమక్క చెవుల్లోకి లైటు వేసి చూసి, లోపల ఏళ్ళనాటి గుబిలి రాయిలా గట్టిపడిందని చెప్పి, చుక్కల మందిచ్చి, కొన్నిరోజుల తర్వాత మళ్ళీ రప్పించి కడిగేశాడు. ఆమెకు ఏ మిషనూ అక్కర్లేకపోయింది. అంతకుముందు చక్రం తిప్పినవాడు ఒక్కసారైనా ఆమె చెవిలోకి చూసి ఉంటే ఆ సంగతి తెలిసేది.

జ్ఞానప్రకాశానిది అలాంటిది కాదు. లోపలి నరం దెబ్బతిన్నదని, అది తిరిగి రాదని, మిషను మాత్రం సాయం చేస్తుందని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఎక్కడైనా దొరికే సెల్లులు పట్టేదే కొనమన్నాడు. మిషను కొనడానికి ఇంకో ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదంతా దీనమ్మ అరుస్తూనే ఉంది. ఈసారి ఆయన ప్రతి మాటకూ, "మల్ల చెప్పు" అనేవాడు. మొదట్లో ఆమెకు ప్రాణం విసిగేది. తర్వాత, "ఇన్నొద్దులు ఎన్ని మాటలు పోయినయో" అనుకుని తానే రెండోసారి చెప్పేది.

బోనస్ వచ్చాక హైదరాబాదు వెళ్ళి, ఒక పాత దుకాణంలో కొన్నారు. బిళ్ళ చెవిలో ఉండగానే ధర, వారంటీ, చెడిపోతే ఎక్కడ బాగుచేస్తారో అన్నీ చెప్పించుకున్నాడు. దుకాణదారు రెండుసార్లు చెప్పి, మూడోసారికి మొహం చిట్లించాడు. మూడోసారి కూడా చెప్పించుకున్నాకే జ్ఞానప్రకాశం డబ్బు తీశాడు.

ఎర్ర నోటీసులు మళ్ళీ రాలేదు. ఆ కంపెనీ ఏమైందో మాకు తెలియదు. వేరే ఊళ్ళో వేరే రంగు పాంప్లెట్లతో తిరిగి ఉండవచ్చు.

మిల్లులో చివరి రెండేళ్ళు చెవుల్లో దూది కుక్కుకుని పనిచేసి రిటైరయ్యాక, చర్చివాళ్ళు ఆయన్ని మళ్ళీ కమిటీలోకి రమ్మన్నారు. వెళ్ళాడు. ఏ తీర్మానమైనా చేతులెత్తే ముందు, "జర ఆగుండ్రి. మల్ల ఒక్కపారి చదువుండ్రి, మెల్లగ" అనేవాడు. రెండోసారి చదివేటప్పుడు చదివేవాళ్ళకే అక్కడక్కడ అనుమానం వచ్చి ఆగేవాళ్ళు. మీటింగులు పొడుగయ్యాయి. కొందరు గొణిగారు. ఒకసారి పాస్టరుగారు గుమ్మం దగ్గర దీనమ్మతో నవ్వుతూ అననే అన్నారు, "మీ ఆయన వచ్చిన కాడినుంచి మీటింగైన రోజు అన్నం వేళ దాటుతోందమ్మా."

"దాటనియ్యుండ్రి అయ్యగారూ" అన్నది దీనమ్మ. "నేను అన్నం చల్లారకుండ, పొయ్యి ఆర్పకుంటనే వచ్చిన."